1973 గ్రాండ్ నేషనల్: రెడ్ రమ్ గెలిచిందా, క్రిస్ప్ ఓడిందా?

సందేహాల_సుబ్బారావు
కంచెలు దూకే పందెపు గుర్రాల ప్రస్తావన వస్తే చాలు, అందరూ రెడ్ రమ్ పేరే ఎత్తుతారు. ఆ పేరు లోకానికి తెలిసింది 1973 గ్రాండ్ నేషనల్‌తో గనుక ఆ పందెం వీడియోను మొదటి నుంచి చివరి దాకా చూశాను. చూశాక కలిగింది ఆనందం కాదు, ఉక్రోషం. ఇంగ్లండులోని ఎయింట్రీ మైదానంలో నాలుగున్నర మైళ్ల దూరం, ముప్ఫై కంచెలు. అందులో చాలా భాగం ముందున్నది క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం. చివరి కంచె దాటేటప్పుడు కూడా రెడ్ రమ్ దాదాపు పదిహేను లెంగ్తుల (లెంగ్తు అంటే ఒక గుర్రం పొడవు) వెనక ఉంది. గెలుపు గీత ఇక రెండు అంగల్లో ఉందనగా క్రిస్ప్‌ను దాటి, ముప్పావు లెంగ్తు తేడాతో గెలిచింది. క్రిస్ప్ మోసినది 12 స్టోన్లు (స్టోను అంటే 14 పౌండ్ల బరువు), అంటే 76 కిలోలు. రెడ్ రమ్ మోసినది 10 స్టోన్ల 5 పౌండ్లు, అంటే 66 కిలోలైనా లేదు. పది కిలోలు తక్కువ మోసి, అలసి తూలుతున్న గుర్రాన్ని ఆఖరి క్షణంలో దాటడం అంత గొప్ప ఎలా అయింది? ఈ కీర్తికి ఆధారమేమిటో తెలిసినవారు చెప్పండి.

లెక్కలమాస్టారు_తెనాలి
హ్యాండీక్యాప్ పందెంలో బరువు ఎవరి మీదా కక్షతో వేసేది కాదు. గుర్రాల పూర్వపు ఫలితాలను చూసి, మేలైనదానికి ఎక్కువ, తక్కువదానికి తక్కువ బరువు నిర్ణయిస్తారు. లెక్క సరిగ్గా కుదిరితే అన్నీ ఒకేసారి గీత చేరాలన్నది దాని ఉద్దేశం. ఆ దృష్టితో చూస్తే 1973లో బరువులు వేసినవాడు మహా మేధావి, ఎందుకంటే 23 పౌండ్ల తేడా ఉన్న రెండు గుర్రాలు ఏడు కిలోమీటర్ల తరువాత ముప్పావు లెంగ్తు తేడాలో వచ్చాయి. ఆ రోజు రెండూ 9/1 ధర (ఒకటి కాస్తే తొమ్మిది లాభం) మీద సమాన ఫేవరెట్లు, అంటే పందెం కాసేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకున్న గుర్రాలు కూడా.

కాలాన్ని కూడా గమనించండి. రెడ్ రమ్ గీత దాటింది 9 నిమిషాల 1.9 సెకన్లకు. అంతకుముందు రికార్డు 1930ల నాటిది, దాదాపు 9 నిమిషాల 20 సెకన్లు. దాదాపు నలభై ఏళ్ల రికార్డును పద్దెనిమిది సెకన్లకు పైగా తగ్గించిన గుర్రాన్ని ‘దొరికిన గెలుపు’ గెలిచిందని అనలేము. ఆ కొత్త రికార్డు 1990 దాకా చెక్కుచెదరలేదు.

కరివేపాకు
లిఫ్టు చెడిపోయిన రోజున పది కిలోల బియ్యం సంచి భుజాన వేసుకొని మా అపార్టుమెంటులో ఐదో అంతస్తు దాకా ఎక్కినవాడిని గనుక, నేను సుబ్బారావు గారి పక్షమే. మాస్టారు గారు ఖాళీ చేతులతో ఎక్కి సమయం లెక్కపెట్టినట్టున్నారు.

మలక్‌పేట_పాతకాపు
ఒక్క పందాన్ని పట్టుకొని గుర్రాన్ని తూచడం సరికాదు సుబ్బారావు గారూ. ఈ గుర్రం అక్కడి దాకా ఎలా వచ్చిందో చూడాలి.

రెడ్ రమ్ 1965 మే 3న ఐర్లండులోని కిల్‌కెన్నీ ప్రాంతంలో పుట్టింది. తల్లి మారెడ్, తండ్రి కోరమ్. తండ్రి మైలు దూరపు చదును (కంచెలు లేని) పందేలలో పేరు తెచ్చుకున్న గుర్రం కావడంతో పిల్లను కూడా చదును పందేల కోసమే పెంచారు. ఏడాది పిల్లగా వేలంలో 400 గినీలకు (గినీ అంటే పాత ఇంగ్లీషు డబ్బు లెక్క) అమ్ముడుపోయింది. మొదటి పందెం 1967 ఏప్రిల్‌లో, అదే ఎయింట్రీలో, ఐదు ఫర్లాంగుల సెల్లింగ్ పందెం. సెల్లింగ్ పందెమంటే గెలిచిన గుర్రాన్ని అక్కడికక్కడే వేలానికి పెడతారు. దీని మీద మాకు పెద్ద ఆశలు లేవని యజమాని పదిమందిలో ఒప్పుకున్నట్టే లెక్క. అందులో మరో గుర్రంతో కలిసి మొదటి స్థానం పంచుకుంది. మరుసటి ఏడాది లెస్టర్ పిగట్ అంతటి జాకీ దాని మీద ఎక్కి అక్కడే ఒక చదును పందెంలో రెండో స్థానానికి తెచ్చాడు. ఆ తరువాత హర్డిల్స్‌కు, అంటే చిన్న కంచెల పందేలకు, అక్కడి నుంచి పెద్ద కంచెలకు మళ్లించారు. ఈలోగా యజమానులు మారారు, ట్రైనర్లు మారారు, చివరికి గిట్టలో జబ్బు కూడా పట్టుకుంది.

మన మలక్‌పేటలో కంచెల పందేలు లేవు, అన్నీ చదును పందేలే. రెండేళ్ల వయసులో ఐదు ఫర్లాంగులు ఉరికే గుర్రాన్ని చూసి ‘ఇది పన్నెండో ఏట ఏడు కిలోమీటర్లు దూకుతూ గెలుస్తుంది’ అని ఎవరైనా అంటే, మా వైపు పందెం కాసేవాళ్లు ముందు ఆ మనిషి తాగిన టీలో ఏముందో వాసన చూస్తారు.

గోదారిఅల
గిట్టలో జబ్బున్న గుర్రాన్ని ఎవరు కొన్నారు? తెలిసే కొన్నారా?

మలక్‌పేట_పాతకాపు
తెలియకుండానే కొన్నారు. 1972 ఆగస్టులో డాంకాస్టర్ వేలంలో 6,000 గినీలకు పాడినవాడు డొనాల్డ్ మెకెయిన్. ఎర్ర జుట్టు కారణంగా అందరూ ‘జింజర్’ అనేవారు. సౌత్‌పోర్ట్ పట్టణంలో టాక్సీ నడుపుతూ, పాత కార్లు అమ్ముతూ, ఆ కార్ల దుకాణం వెనకాల నాలుగు గుర్రాలు కట్టుకున్న మనిషి. డబ్బు పెట్టిన నోయెల్ లి మేర్ ఆ టాక్సీలో ఎక్కే ప్రయాణికుడు, అప్పటికే ఎనభై దాటిన ఇంజనీరు. గ్రాండ్ నేషనల్ గెలవాలన్నది ఆయనకు యౌవనం నుంచీ ఉన్న కోరిక. ఇంటికి తెచ్చాక మొదటిసారి సముద్రపు ఒడ్డున నెమ్మదిగా పరుగెత్తిస్తే గుర్రం కుంటింది.

కరివేపాకు
పాత కార్లు అమ్మేవాడికే కుంటి గుర్రాన్ని అంటగట్టిన వేలందారు ఎవరో గాని, వారికి నా నమస్కారం.

గిట్టలడాక్టర్
పశువైద్యుణ్ణి గనుక ఈ భాగం నేను వివరిస్తాను. రెడ్ రమ్‌కు ఉన్నది పెడల్ ఆస్టియైటిస్. గిట్ట లోపల, పాదానికి చివరన ఉండే ఎముకకు వాపు వచ్చి, క్రమంగా అంచులు అరిగే జబ్బు. గట్టి నేల మీద పరుగెత్తించిన కొద్దీ అదురు నేరుగా ఆ ఎముకకే తగులుతుంది కాబట్టి నొప్పి పెరుగుతుంది. మామూలు గుర్రపుశాలల్లో అటువంటి గుర్రానికి మిగిలేది విశ్రాంతి, ఆ తరువాత మళ్లీ గట్టి నేల, మళ్లీ కుంటు.

మెకెయిన్‌కు పెద్ద గుర్రపుశాల గాని, పచ్చిక మైదానం గాని లేకపోవడమే ఈ గుర్రానికి కలిసివచ్చింది. ఆయనకు ఉన్నదల్లా సౌత్‌పోర్ట్ ఇసుక తీరం. రొయ్యలు పట్టేవారి బండ్లకు కట్టే గుర్రాలు కాళ్లు చెడినా సముద్రపు నీటిలో నడిచి నడిచి బాగుపడడం ఆయన చిన్ననాడే చూశాడు. అందుకని కుంటుతున్న రెడ్ రమ్‌ను నేరుగా నీటిలోకి నడిపించాడు. బయటికి వచ్చేటప్పుడు అది కుంటలేదు. ఇందులో మహిమ ఏమీ లేదు. చల్లని నీరు వాపును, నొప్పిని తగ్గిస్తుంది, తడి ఇసుక అదురును మింగుతుంది, ఉప్పునీటికి ఎదురు నడవడం కండరాలను గట్టిపరుస్తుంది. ఈనాడు గుర్రాల ఆసుపత్రుల్లో చల్లని నీటి తొట్లలో నడిపించే వైద్యం ఇదే పని చేస్తుంది. జబ్బు పూర్తిగా పోయిందని నేను అనను. ప్రతిరోజూ అదే తీరం మీద నడవడం వల్ల అది అదుపులో ఉండిపోయింది.

ఒక రైడింగ్ స్కూలులో కుంటుతున్న ఆడగుర్రాన్ని నేను వాగు ఇసుకలో రోజూ ఉదయం నడిపించమని చెప్పాను. రెండు వారాలు నడిపించారు, బాగుపడింది. బాగుపడిందని మళ్లీ తారు రోడ్డు మీద పెళ్లి ఊరేగింపుకు పంపారు. ఆ తరువాత సంగతి మీరే ఊహించుకోండి.

మలక్‌పేట_పాతకాపు
డాక్టరు గారి మాటకు తోడుగా ఒక సంగతి. మా నాన్నగారు మలక్‌పేటలో సైసుగా, అంటే గుర్రాలను చూసుకునేవాడిగా పనిచేశారు. తెల్లవారుజామున గుర్రాన్ని బయటికి తీసే ముందు ప్రతి కాలినీ మోకాలి దిగువ నుంచి గిట్ట దాకా అరచేతి వెనక వైపుతో తడిమేవారు, అరచేయి పనుల వల్ల కాయలు కాచి వేడి తెలియదని. ఒక కాలు మిగతా వాటి కన్నా కొద్దిగా వెచ్చగా తగిలినా ఆ రోజు ఆ గుర్రానికి పరుగు లేదు, నడకే. ట్రైనరు వచ్చి కేకలు వేసినా ఆయన కళ్లెం ఇచ్చేవారు కాదు. గుర్రం సంవత్సరాల తరబడి నిలబడాలంటే ఇటువంటి మొండి చేతులు కావాలి.

మెర్సీనది_గట్టు
మేము లివర్‌పూల్ దగ్గర ఉంటాము, సౌత్‌పోర్ట్‌కు రైలులో వెళ్లి రావచ్చు. అక్కడ ఆటుపోటులు విచిత్రంగా ఉంటాయి. ఆటు సమయంలో నీరు ఎంత దూరం వెనక్కి పోతుందంటే, మా అత్తగారు మొదటిసారి చూసి ‘సముద్రం ఏదమ్మా’ అని అడిగారు. ఆ బయటపడిన తడి ఇసుక చదునుగా, గట్టిగా ఉండి, కాలు పెడితే కొద్దిగా మాత్రమే దిగుతుంది. విశాఖ తీరంలో చీలమండ దాకా కూరుకుపోయే పొడి ఇసుకను ఊహించుకుంటే డాక్టరు గారు చెప్పినది అర్థం కాదు. మెకెయిన్ దుకాణం ఉండేది బర్క్‌డేల్ ప్రాంతంలో. గుర్రాలు ఆ ఊరి రోడ్ల మీద కార్ల మధ్య నుంచే తీరానికి నడిచి వెళ్లేవట.

సందేహాల_సుబ్బారావు
కథ బాగుంది, కాదనను. కాని నా ప్రశ్న బరువు గురించి, దానికి ఇంకా జవాబు రాలేదు. నేను కొంచెం వెతికాను. అదే 1973 నవంబరులో డాంకాస్టర్‌లో ఈ రెండు గుర్రాలూ సమాన బరువుతో మళ్లీ ఎదురుపడ్డాయి. క్రిస్ప్ ఎనిమిది లెంగ్తుల తేడాతో గెలిచింది. అంటే ఎవరు మేలన్నది తేలిపోయినట్టే కదా?

పైగా ఎయింట్రీలో చివరి మలుపు దగ్గర జాకీ రిచర్డ్ పిట్‌మన్ కొరడా ఎత్తడానికి పగ్గం మీద నుంచి ఒక చేయి తీయడంతో క్రిస్ప్ పక్కకు ఒరిగిందని, ఆ తప్పు తనదేనని ఆయనే తరువాత చాలాసార్లు చెప్పుకున్నాడు.

లెక్కలమాస్టారు_తెనాలి
డాంకాస్టర్ ఫలితం నిజమే, క్రిస్ప్ ఆ ఏడాది మేలైన గుర్రమన్నదీ నిజమే. రెండు మైళ్ల పందేలలో ఛాంపియన్ అయిన గుర్రం నాలుగున్నర మైళ్లు 12 స్టోన్లతో అలా పరుగెత్తడం అసాధారణం. అందులో నాకు భేదాభిప్రాయం లేదు.

అయితే ఒక గుర్రాన్ని బరువు తక్కువైన రోజుతో తూస్తే, బరువు ఎక్కువైన రోజుతో కూడా తూచాలి. 1974లో అదే గ్రాండ్ నేషనల్‌లో రెడ్ రమ్ మీద 12 స్టోన్లు వేశారు, అంటే క్రిస్ప్ మోసినంత. లెస్కార్గో మీద 11 స్టోన్ల 13 పౌండ్లు. లెస్కార్గో సామాన్యమైనది కాదు, 1970, 1971 సంవత్సరాలలో వరసగా చెల్టెన్‌హామ్ గోల్డ్ కప్పు గెలిచిన గుర్రం. దాని కన్నా ఒక పౌండు ఎక్కువ మోసి రెడ్ రమ్ ఏడు లెంగ్తుల తేడాతో గెలిచింది. 12 స్టోన్లు మోసి ఆ పందెం గెలిచిన గుర్రం ఆ తరువాత మరొకటి లేదు.

1975లో మళ్లీ 12 స్టోన్లు. లెస్కార్గోకు 11 స్టోన్ల 3 పౌండ్లే. ఈసారి లెస్కార్గో పదిహేను లెంగ్తుల తేడాతో గెలిచింది, రెడ్ రమ్ రెండోది. 1976లో రెడ్ రమ్‌కు 11 స్టోన్ల 10 పౌండ్లు, రాగ్ ట్రేడ్‌కు 10 స్టోన్ల 12 పౌండ్లు. రాగ్ ట్రేడ్ రెండు లెంగ్తులతో గెలిచింది. సుబ్బారావు గారి సూత్రం ప్రకారం ఈ రెండూ కూడా ‘దొరికిన గెలుపు’లే అవ్వాలి. మరి ఆ రెండేళ్లలో రెడ్ రమ్ కోసం ఉక్రోషపడిన వారిని నేనింతవరకు చూడలేదు.

కరివేపాకు
మాస్టారు గారు ఈసారి బియ్యం సంచి తెచ్చుకొని మరీ మెట్లెక్కారు.

వరంగల్_వాసు
1977 సంగతి వదిలేశారు మాస్టారూ. నాకు తెలిసినంతలో అదే అసలైనది. గుర్రానికి పన్నెండేళ్లు, మోసినది 11 స్టోన్ల 8 పౌండ్లు. రెండో స్థానంలో వచ్చిన చర్చ్‌టౌన్ బాయ్ మోసినది సరిగ్గా 10 స్టోన్లు. అంటే 22 పౌండ్ల తేడా, 1973లో క్రిస్ప్ ఎక్కువగా మోసిన దానికి ఒక్క పౌండు తక్కువ. రెడ్ రమ్ గెలిచినది ముక్కు తేడాతో కాదు, ఇరవై ఐదు లెంగ్తులతో. గ్రాండ్ నేషనల్‌ను మూడుసార్లు గెలిచిన గుర్రం ఇదొక్కటే.

సందేహాల_సుబ్బారావు
వాసు గారు, చర్చ్‌టౌన్ బాయ్ రెండు రోజుల ముందే అదే మైదానంలో టోఫమ్ ట్రోఫీ అనే మరో కంచెల పందెం గెలిచి, ఆ అలసటతోనే శనివారం మళ్లీ దిగింది. ముందు ముందుగా దూసుకుపోతున్న ఫేవరెట్ ఆండీ పాండీ రెండో చుట్టులో బీచర్స్ బ్రూక్ అనే కంచె దగ్గర పడిపోయింది. ఇవి కూడా చెప్పాలి కదా.

వరంగల్_వాసు
చెబుతాను. ఆండీ పాండీ పడింది, రెడ్ రమ్ పడలేదు. కంచెల పందెంలో పడకపోవడం కూడా విద్యే కాని అదృష్టం కాదు. రెడ్ రమ్ కంచెల పందేలు, హర్డిల్ పందేలు కలిపి నూరు పరుగెత్తి ఒక్కదానిలోనూ పడలేదని దానికి పేరు. బీచర్స్ బ్రూక్ దగ్గర దూకే వైపు కన్నా దిగే వైపు నేల లోతుగా ఉండేది. మొదటిసారి వచ్చిన గుర్రం ఎదుటి నేల ఉంటుందనుకొని ముందుకాళ్లు చాపితే అక్కడ నేల ఉండదు, ముక్కు నేలను తాకుతుంది. రెడ్ రమ్ దూకే తీరును వీడియోలో నెమ్మదిగా పెట్టి చూడండి. కంచె దగ్గరికి వచ్చేటప్పుడే చివరి అంగను చిన్నదిగా సర్దుకుంటుంది, దిగేటప్పుడు మెడను వెనక్కి తీసుకొని బరువు వెనక కాళ్ల మీదికి మార్చుకుంటుంది, పక్కన ఏదైనా గుర్రం పడితే దిగిన అంగలోనే దారి మార్చుకుంటుంది. ఐదుసార్లు ఆ కంచెలన్నీ దాటి, మూడు మొదటి స్థానాలు, రెండు రెండో స్థానాలు. దీని కన్నా తక్కువ ఫలితం లేనే లేదు.

భూతదయ
ఇంతమంది ఇంత ఉత్సాహంగా రాస్తున్నారు గనుక అడగక తప్పడం లేదు. పడనిదాని గురించి మాట్లాడుకుంటున్నాము, పడినవాటి సంగతి ఏమిటి? మీరు పొగుడుతున్న అదే 1973 పందెంలో గ్రే సోంబ్రెరో అనే గుర్రం ‘చెయిర్’ అనే కంచె దగ్గర పడి చనిపోయింది. దాని పేరు ఈ చర్చలో ఎవరైనా ఎత్తారా? మనిషికి వినోదం కోసం ముప్ఫై కంచెలు పెట్టి దూకించి, బతికి బయటపడినదానికి విగ్రహం పెట్టడం నాకు సమ్మతం కాదు.

గిట్టలడాక్టర్
భూతదయ గారి మాటను తోసిపుచ్చలేను. ఆ కంచెల్లో కొన్ని అప్పట్లో అనవసరంగా ప్రమాదకరంగా ఉండేవి. 1989లో బీచర్స్ దగ్గర రెండు గుర్రాలు చనిపోయిన తరువాతే అక్కడి కాలువను పూడ్చి నేలను సరిచేశారు. ఆ తరువాత కంచెల లోపలి కట్టెలను తీసేసి, తగిలితే వంగే ప్లాస్టిక్ పెట్టారు. 2024 నుంచి గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు, ఎందుకంటే గుంపు ఎక్కువైనకొద్దీ ఒకటి పడితే వెనకదానికి తప్పుకునే చోటు ఉండదు. రెడ్ రమ్ కాలంలో ఇవేవీ లేవు. అయినా ఇవన్నీ చేసిన తరువాత కూడా ప్రమాదం సున్నా కాలేదు, కాదు కూడా.

భూతదయ
సున్నా కానప్పుడు ఆపేయవచ్చు కదా?

మలక్‌పేట_పాతకాపు
ఆపాలా వద్దా అన్నది వేరే చర్చ, దానికి విడిగా ఒక శీర్షిక పెట్టండి, నేనూ వస్తాను. కంచెలు లేని చదును పందేలలో కూడా కాళ్లు విరుగుతాయి, మా నాన్నగారు అన్నం మానేసిన రోజులు నాకు గుర్తున్నాయి. అంతవరకే ఇక్కడ చెబుతాను.

గోదారిఅల
ఇంత మంచి గుర్రానికి పిల్లలు ఎన్ని? వాటిలో ఏవైనా గెలిచాయా?

గిట్టలడాక్టర్
ఒక్కటీ లేదు. రెడ్ రమ్ విత్తులు కొట్టించిన గుర్రం. కంచెల పందేలలో ఎక్కువగా అటువంటివే ఉంటాయి. చదును పందేలలో గొప్పగా గెలిచిన మగగుర్రాన్ని మూడు నాలుగేళ్లకే పిల్లల కోసం తప్పించేస్తారు, ఎందుకంటే పందెం కన్నా దానిలోనే ఎక్కువ డబ్బు వస్తుంది. విత్తులు కొట్టించినదానికి ఆ దారి లేదు గనుక కాళ్లు సహకరించినంత కాలం పరుగెత్తుతుంది. అందువల్లనే జనానికి ఏటేటా అదే గుర్రాన్ని చూసి, పేరు పెట్టి పిలిచేటంత చనువు ఏర్పడుతుంది.

కరివేపాకు
సంసారం లేకపోతే పన్నెండేళ్ల వయసులోనూ పందెం గెలవవచ్చునని డాక్టరు గారు శాస్త్రీయంగా నిరూపించారు. మా ఆవిడకు ఈ పోస్టు చూపించను.

మెర్సీనది_గట్టు
ఒక విషయం ఎవరూ రాయలేదు. ఆ సంవత్సరాలలో ఎయింట్రీ మైదానమే ఉంటుందో పోతుందో తెలియని పరిస్థితి. ఎన్నో ఏళ్లు నడిపిన టోఫమ్ కుటుంబం 1973లో దాన్ని ఒక స్థలాల వ్యాపారికి అమ్మేసింది. టికెట్ల ధర పెంచేసరికి 1975లో జనం బాగా పలచబడ్డారు. తరువాత లాడ్‌బ్రోక్స్ అనే బెట్టింగ్ సంస్థ కొన్నేళ్లు నడిపింది, చివరికి ప్రజల నుంచి చందాలు పోగుచేసి 1983లో జాకీ క్లబ్ కొన్నది. ఆ పదేళ్లూ ఆ పందెం మీద దేశానికి ఆసక్తి చావకుండా నిలిపినది ఈ గుర్రమేనని ఇక్కడి పెద్దవారు ఇప్పటికీ అంటారు. సుబ్బారావు గారు మొదట అడిగిన కీర్తిలో సగం వాటా దీనిదే.

వరంగల్_వాసు
నా సందేహం ఒకటి ఉంది. రెడ్ రమ్ ఎయింట్రీలో తప్ప మరెక్కడా రాణించలేదని చాలామంది అంటారు. అది ఎంతవరకు సరి?

మలక్‌పేట_పాతకాపు
సగమే సరి. మెకెయిన్ దగ్గరికి వచ్చిన కొత్తలో, 1972 శరదృతువులో, ఉత్తర ఇంగ్లండు, స్కాట్లండు మైదానాలలో వరసగా ఐదు పందేలు గెలిచింది. 1973 నవంబరులో న్యూబరీలో జరిగిన హెనెస్సీ గోల్డ్ కప్పులో రెడ్ క్యాండిల్ చేతిలో తల తేడా కూడా లేకుండా ఓడింది. 1974 గ్రాండ్ నేషనల్ గెలిచిన మూడు వారాలకే ఏర్‌లో స్కాటిష్ గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది. ఈ రెండింటినీ ఒకే ఏడాది గెలవడం ఇప్పటికీ మరో గుర్రానికి సాధ్యం కాలేదు.

అయితే 1975 తరువాత మాట వేరు. చలికాలమంతా చిన్న మైదానాలలో సాదాసీదాగా పరుగెత్తి, ఏప్రిల్‌లో ఎయింట్రీకి రాగానే చెవులు నిక్కించేది. చిన్న పందేలలో కంచెలు తక్కువ ఎత్తు, మలుపులు దగ్గర దగ్గర, వేగం ఎక్కువ. దానికి కావలసినది పొడవైన దారి, ఆలోచించి దూకవలసిన కంచె, బురద కాని నేల. జాకీ బ్రయన్ ఫ్లెచర్ దానిని తప్పుగా చదివాడు. 1973, 1974లో గెలిపించినవాడు, అంతకు ముందు 1968లో రెడ్ అలిగేటర్ మీద కూడా గెలిచినవాడు, తీరా గుర్రంలో మునుపటి పస లేదని పత్రికలవారితో అనేసరికి మెకెయిన్ మండిపడి అతన్ని తప్పించాడు. ఆ స్థానంలో వచ్చిన టామీ స్టాక్ ఒకప్పుడు కొద్దికాలం ఈ గుర్రానికి ట్రైనరుగా ఉన్నవాడే. 1977లో గెలిచినది అతనితోనే.

సందేహాల_సుబ్బారావు
ఫ్లెచర్‌కు అన్యాయం జరిగిందని నా అభిప్రాయం. గుర్రం గురించి తనకు తోచినది చెప్పడం జాకీ పని కాదా?

మలక్‌పేట_పాతకాపు
ట్రైనరుకు చెప్పడం జాకీ పని, పత్రికలకు చెప్పడం కాదు. మలక్‌పేటలో అయితే సాయంత్రానికల్లా జీను వేరేవాడికి పోతుంది.

మెర్సీనది_గట్టు
1978లో ఆరోసారి దిగవలసి ఉండగా, ముందు రోజు పాదంలో సన్నని పగులు కనిపించి విరమింపజేశారు. ఆ తరువాత దాని జీవితం సినిమా తారల జీవితమే. దుకాణాలు తెరిపించారు, ఏటా గ్రాండ్ నేషనల్ ఊరేగింపులో ముందు నడిపించారు. అంతకు ముందు 1977లోనే బ్లాక్‌పూల్ పట్టణంలో ఏటా పెట్టే దీపాలంకరణను దానిచేత వెలిగింపజేశారు. 1995 అక్టోబరు 18న ముప్ఫయ్యో ఏట చనిపోతే ఎయింట్రీలో గెలుపు గీత పక్కనే పాతిపెట్టారు. పందేల రోజున వెళితే అక్కడ పూలగుత్తులతో పాటు క్యారెట్లు కూడా కనిపిస్తాయి.

వరంగల్_వాసు
ఈ మధ్య కాలపు గుర్రాలలో పోల్చదగినది టైగర్ రోల్ ఒక్కటే. 2018, 2019లో వరసగా గెలిచింది. రెడ్ రమ్ తరువాత వరసగా రెండుసార్లు గెలిచినది అదే. 2020లో కోవిడ్ వల్ల పందెం రద్దయింది, లేకుంటే మూడోసారి కూడా చూసేవాళ్లం.

లెక్కలమాస్టారు_తెనాలి
2021లో అవకాశం ఉంది కదా వాసు గారూ. 11 స్టోన్ల 9 పౌండ్లు వేశారు, అది అన్యాయమని యజమాని గుర్రాన్ని తప్పించాడు. 2022లో కూడా దాన్ని దింపలేదు. రెడ్ రమ్ 1974లోనూ 1975లోనూ దాని కన్నా ఐదు పౌండ్లు ఎక్కువ మోసి బయలుదేరింది.

సందేహాల_సుబ్బారావు
యజమానిని నేను తప్పుపట్టను. గుర్రం వయసు అప్పటికి పదకొండు, గెలవవలసినది గెలిచింది, అంత బరువు వేయడం అవసరమా? మాస్టారు గారు మాత్రం గుర్రం వీపు ఖాళీగా కనిపిస్తే నిద్రపోయేలా లేరు.

లెక్కలమాస్టారు_తెనాలి
పదకొండేళ్లకు బరువు ఎక్కువైతే, పన్నెండేళ్లకు 11 స్టోన్ల 8 పౌండ్లు ఎలా మోసింది? జవాబు రాసేటప్పుడు చర్చ్‌టౌన్ బాయ్ అలసట మళ్లీ తేకండి, అలసిన గుర్రాన్ని పాతిక లెంగ్తులతో ఎవరైనా ఓడిస్తారంటే ఆ ఏడాది మిగిలిన గుర్రాలన్నీ ఏమైనట్టు?

సందేహాల_సుబ్బారావు
పడిపోయినవి పడిపోగా, మిగిలినవి దాని వెనక వచ్చాయి. ఇది ఒప్పుకుంటున్నాను. క్రిస్ప్ విషయంలో మాత్రం ఒక్క పౌండు కూడా తగ్గను.